గేర్లు తీయించిన సైకిల్ మీంచి పడితే పరిహారం ఎవరివ్వాలి?

ప్రశ్న: మాది కడప. కర్నూలులో ఉద్యోగం చేసేటప్పుడు అక్కడి దుకాణంలో 21 గేర్ల మౌంటెన్ బైక్ కొన్నాను. గేర్లు తరచూ మొరాయిస్తుంటే ఏడు నెలలకు అదే దుకాణంలో అన్నీ తీయించి సింగిల్ స్పీడ్ చేయించాను. రూ.3,400 ఫోన్‌లో చెల్లించాను, బిల్లు ఇవ్వలేదు. నెల తిరక్కుండానే గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే చైన్ ఊడి కిందపడ్డాను, మణికట్టు విరిగింది. 'మీరు అడిగితేనే చేశాం' అంటున్నాడు దుకాణదారు. తీసిన గేర్ల సామాను కూడా తిరిగివ్వలేదు. కంపెనీవాళ్లేమో వారంటీ పోయిందంటున్నారు. అసలు గేర్లు తీయించడమే తప్పా? కేసు ఎవరి మీద వేయాలి? – ఒక పాఠకుడు

జవాబు: గేర్లు తీయించడం తప్పు కాదు. బండిలో మార్పులకు అనుమతి కావాలనే నిబంధన మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్‌ది. తొక్కుడు సైకిల్ మోటారు వాహనం కాదు కాబట్టి ఆ భయం వదిలేయండి.

ఇక దుకాణదారు మాట. సింగిల్ స్పీడ్ కావాలని మీరు అడిగారు, నిజమే. దాన్ని ఎలా చేస్తే చైన్ నిలుస్తుందో తెలిసి ఉండాల్సింది డబ్బు తీసుకున్న మెకానిక్‌కే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(11) సెక్షన్ ప్రకారం నష్టం కలిగించే నిర్లక్ష్యం సేవాలోపమే. తెలియజేయాల్సిన సమాచారాన్ని కావాలని దాచినా అంతే. మీ కేసు మొత్తం దీని మీదే నిలబడుతుంది. అందుకని చైన్ ఎందుకు ఊడిందో ముందు తేల్చుకోవాలి.

గేర్ల సైకిల్లో చైన్ వదులును వెనక డీరైలర్ (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే భాగం) స్ప్రింగు లాగి పట్టుకుంటుంది. దాన్ని తీసేశాక ఆ పని ఇంకోటి చేయాలి. వెనక చక్రం కూర్చునే గాడి (డ్రాపౌట్) అడ్డంగా ఉంటే చక్రాన్ని వెనక్కి లాగి బిగిస్తే సరిపోతుంది. ఈ కాలపు గేర్ల ఫ్రేముల్లో ఎక్కువగా గాడి నిలువుగా ఉంటుంది, చక్రం వెనక్కి జరగదు. అక్కడ టెన్షనర్ (చైన్‌ను బిగువుగా ఉంచే భాగం) పెట్టకుండా చైన్‌ను కత్తిరించి వేస్తే కొన్నాళ్లకు వదులై ఊడుతుంది.

రెండో కారణం వరస, అంటే ముందు, వెనక పళ్లచక్రాలు ఒకే గీతలో ఉండటం. 21 గేర్ల సైకిళ్లలో చాలావాటికి మరతో బిగించే ఫ్రీవీలే (వెనక పళ్లచక్రాల గుత్తి) ఉంటుంది. దాని చోట ఒంటి ఫ్రీవీల్ బిగిస్తే అది స్పోకుల వైపుకు కూర్చుంటుంది. పెడళ్ల దగ్గరి పళ్లచక్రంతో వరస కలవాలంటే యాక్సిల్ మీద స్పేసర్లు (ఎడం కోసం వేసే రింగులు) అటూ ఇటూ మార్చి, స్పోకులు సరిచేసి రిమ్‌ను మళ్లీ మధ్యకు తేవాలి. ఇది ఓపిక కావాల్సిన పని, చాలామంది దాటేస్తారు. క్యాసెట్ (విడిగా జారవిడిచి బిగించే పళ్లచక్రాల గుత్తి) ఉన్న హబ్ (చక్రం మధ్య భాగం) అయితే స్పేసర్లతోనే వరస కుదురుతుంది. కానీ పాత క్యాసెట్‌లోని పళ్లచక్రాన్నే ఒంటిగా వాడితే ఇబ్బంది, ఎందుకంటే చైన్ సులువుగా పక్క గేరుకు దూకడానికే దాని పళ్లు చెక్కి ఉంటాయి. కొత్త చైన్‌ను అరిగిన పాత పళ్ల మీద వేసినా జారుతుంది. చదును రోడ్డు మీద బయటపడని ఈ లోపాలన్నీ ఎత్తు మీద బలంగా తొక్కినప్పుడు బయటపడతాయి.

కాబట్టి సైకిల్‌ను తొక్కకండి, 'బాగుచేసిస్తాం' అన్నా ఆ దుకాణానికి ఇవ్వకండి. ఇస్తే మీ సాక్ష్యమే చేయి జారుతుంది. వేరే అనుభవజ్ఞుడైన మెకానిక్‌తో రాతపూర్వక నివేదిక తీసుకోండి. డ్రాపౌట్ ఏ రకం, టెన్షనర్ ఉందా, పొడవాటి స్కేలు ఆనించి చూస్తే ముందూ వెనకా వరస ఎన్ని మిల్లీమీటర్లు తేడా, పళ్లు ఏ రకం, చైన్ ఎంత అరిగింది – ఇవన్నీ అందులో ఉండాలి. ప్రతిదానికీ దగ్గరి ఫొటో తీయించండి.

బిల్లు లేదని దిగులొద్దు. ఫోన్ చెల్లింపు వివరం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. పైగా సేవకు రసీదు ఇవ్వకపోవడం అదే చట్టం 2(47) కింద అనుచిత వ్యాపార విధానం. దాన్నీ ఫిర్యాదులో రాయండి.

కంపెనీని ప్రతివాదిగా చేర్చొద్దని నా సలహా. తయారీలో, డిజైన్‌లో, సూచనల్లో లోపం వంటివి ఉంటేనే 84వ సెక్షన్ కింద తయారీదారు బాధ్యుడు. ఇక్కడ అలాంటిది కనబడదు. రేపు ఫ్రేము అతుకు విరిగితే సంగతి వేరు, గేర్లు తీయడానికీ దానికీ సంబంధం లేదని అప్పుడు వాదించవచ్చు. దుకాణం మాత్రం 86వ సెక్షన్ కిందికి కూడా వస్తుంది. అమ్మినవాడే వస్తువును మార్చి, ఆ మార్పే హానికి ముఖ్య కారణమైతే బాధ్యత అతనిదే. 'మార్పు చేసిన వస్తువుకు మా పూచీ లేదు' అని 87వ సెక్షన్ చూపిస్తాడు. ఆ రక్షణ ఇతరులు చేసిన మార్పులకే గానీ తాను చేసిన మార్పుకు కాదన్నదే మన వాదన.

తీసిన సామాను మీ ఆస్తి. ముందు, వెనక డీరైలర్లు, రెండు షిఫ్టర్లు (హ్యాండిల్ మీది గేరు మీటలు), పాత ఫ్రీవీల్, తీసేసిన చైన్‌రింగులు (పెడళ్ల దగ్గరి పళ్లచక్రాలు) ఇవ్వాలని, లేదా వాటి విలువ కట్టాలని అడగండి. కూలి బాకీ ఉంటేనే వస్తువు ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది. మీరు మొత్తం చెల్లించేశారు.

ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అది తప్పనిసరి కాదు, కానీ అతని జవాబు మీకు పనికొస్తుంది. దుకాణం కర్నూలులో ఉన్నా, మీరు నివసించే కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, 34వ సెక్షన్ ఆ వీలిచ్చింది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. పడిన రోజు నుంచి కాక, గేర్లు తీయించిన రోజు నుంచే లెక్కపెట్టుకుంటే వాదనకు తావుండదు. ఆస్పత్రి బిల్లులు, ఎక్స్‌రే, సెలవు పత్రాలు జతచేయండి. డిశ్చార్జి కాగితంలో గాయానికి కారణం 'సైకిల్ మీంచి పడటం' అని ఉందో లేదో చూసుకోండి.

ఘాట్‌కు ముందే చైన్ జారుతున్నట్టు మీకు తెలిసినా, ఖర్చు తగ్గుతుందని పళ్లచక్రం మీరే తెచ్చిచ్చినా ఆ సంగతి వకీలుకు ఇప్పుడే చెప్పండి. దానివల్ల పరిహారం తగ్గొచ్చు. దాచిపెడితే ఎదుటి పక్షం బయటపెట్టిన రోజు కేసే బలహీనపడుతుంది.