చల్లగా ఉన్న బండికి 'గేర్‌బాక్స్ ఓవర్‌హీట్' మెసేజ్ వస్తుంటే

పొద్దున్నే ఆటోమేటిక్ గేర్ల బండి తీసి వీధి మలుపు తిరగకముందే 'ట్రాన్స్‌మిషన్ ఓవర్‌హీట్' అని మెసేజ్ వస్తోంది, ఫ్యాన్ ఫుల్ స్పీడులో మోగుతోంది, గేరు ఒకచోట ఇరుక్కుపోతోంది, ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తోంది అన్నారు. సర్వీస్ సెంటర్ వాళ్ళు గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ మొత్తం మార్చాలని లక్షల్లో ఎస్టిమేట్ ఇచ్చారు, మార్పించాలా వద్దా అని అడిగారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ ఎస్‌యూవీలు కొనేవాళ్ళు ఎక్కువయ్యాక ఈ కంప్లైంట్‌తో మా షెడ్డుకి వచ్చే బండ్లూ ఎక్కువయ్యాయి.

వాళ్ళు చెప్పింది తప్పని నేను అనను. ఒక్కోసారి అదే నిజం అవుతుంది కూడా. కానీ కోడ్ చూసి ఎస్టిమేట్ రాశారా, రీడింగ్ చూసి రాశారా? ఆ ఒక్క సంగతి తేల్చుకోకుండా డబ్బు కట్టకండి. గేర్‌బాక్స్ ఆయిల్ వేడెంతో ఒక సెన్సర్ కంట్రోల్ యూనిట్‌కి, అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి చెప్తుంటుంది. కోడ్ అనేది ఆ కంప్యూటర్‌కి వచ్చిన అనుమానం. రీడింగ్ చూస్తేనే ఆ అనుమానం ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

ముందు కోడ్ నంబరు రాయించుకోండి. "సెన్సర్ కోడ్ వచ్చింది సార్" అంటే కుదరదు, నంబరే కావాలి. ఓబీడీలో (అన్ని కంపెనీలకీ ఉమ్మడిగా ఉండే కోడ్ల పద్ధతి) ఈ ఆయిల్ టెంపరేచర్ సెన్సర్‌కి పి0710 నుంచి పి0714 దాకా ఉన్నాయి. పి0712 అంటే సెన్సర్ లైన్‌లో వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా కిందికి పడిపోయింది, వైరు ఎక్కడో బాడీకి తగిలి ఎర్త్ అవుతుండొచ్చు. పి0713 అంటే వోల్టేజీ పైకి పోయింది, వైరు తెగిందో పిన్ను వదిలిందో చూడాలి. పి0714 వచ్చిపోయే రకం, లూజ్ కాంటాక్ట్ బాపతు. పి0711 వచ్చిందంటే వైరింగ్ బాగానే ఉన్నట్టుంది గానీ రీడింగ్ నమ్మేలా లేదని, బండి ఇంతసేపు నడిచినా టెంపరేచర్ కదలడం లేదని కంప్యూటర్ గోల. పి0218 అసలు సెన్సర్ కోడే కాదు. ఆయిల్ హద్దు మీరి కాగిందని సెన్సర్ చెప్పింది, కంప్యూటర్ నమ్మింది, అంతే. ఇవి కాక కంపెనీల సొంత కోడ్లు వేరే ఉంటాయి, వాటికి ఆ బ్రాండ్ చదవగలిగే స్కానర్ కావాలి. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే అది కూడా ఫోటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో స్పీడెంత, ఇంజిన్ వేడెంత అన్నవి అందులో ఉంటాయి. ఊరికే కోడ్ కొట్టేసి పంపేస్తే ఆ సాక్ష్యం కూడా పోతుంది. చాలామంది చేసే పని అదే.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి ఖర్చు లేదు, రాత్రంతా కదలకుండా నిలబెట్టిన బండి చాలు. తెల్లవారాక ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, స్కానర్ లైవ్ డేటాలో మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి: కూలెంట్ (రేడియేటర్ నీళ్ళ) టెంపరేచర్, లోపలికి పోయే గాలి టెంపరేచర్, గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్. రాత్రంతా ఒకే చోట చల్లారిన బండిలో ఈ మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. మొదటి రెండూ 24, 25 చూపిస్తూ మూడోది 95 అంటే ఆ మూడోది అబద్ధం. మైనస్ 40 చూపిస్తే చాలా బండ్లలో లైన్ తెగిందని అర్థం. విజయవాడలో మైనస్ 40 ఎక్కడ నుంచి వస్తుంది చెప్పండి!

మూడూ సరిపోయాయనుకుందాం. అప్పుడు స్టార్ట్ చేసి, ఆ మూడో అంకెను గ్రాఫ్‌లో పెట్టి బండి నడపండి, పక్కన ఒకరు ఫోన్ పట్టుకుని చూడాలి. ఇలాంటి గేర్‌బాక్స్‌లలో తొమ్మిది, పది లీటర్ల ఆయిల్ ఉంటుంది. అంత ఆయిల్ నిదానంగా ఎక్కుతుంది, నిదానంగా దిగుతుంది. 31, 32, 32, 148, 33 అని గీత గెంతిందంటే అది వేడి కాదు, కరెంటు పని. గీత గెంతకుండా సాఫీగా 90, 105, 120 అని పైకి పాకుతూ పోతే సెన్సర్‌ని తిట్టకండి, అది తన పని తాను చేస్తోంది.

ఒక మెలిక ఉంది. పాత మెర్సిడెస్ 5 గేర్ల 722.6 గేర్‌బాక్స్‌లో (మొదటి తరం ఎంఎల్‌లో వచ్చేది) ఈ సెన్సర్‌ని పార్క్-న్యూట్రల్ కాంటాక్ట్‌తో సిరీస్‌లో కలిపారు. లివర్ పీలోనో ఎన్‌లోనో ఉంటే ఆ కాంటాక్ట్ తెరుచుకుని సెన్సర్ లైన్ తెగుతుంది, కంప్యూటర్ దాని బదులు ఇంజిన్ టెంపరేచర్ వాడుకుంటుంది. కాబట్టి ఆ బండిని పీలో పెట్టి చూస్తే రీడింగ్ ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది. బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టి డీ (డ్రైవ్)లోకి, ఆర్ (రివర్స్)లోకి వేసి చూడాలి. పైగా అందులో ఉన్నది పీటీసీ, అంటే వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగేది. మిగతా చాలా బండ్లలో ఎన్‌టీసీ ఉంటుంది, దానికి వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఎన్‌టీసీలో వైరు తెగితే చలి, షార్ట్ అయితే వేడి చూపిస్తుంది. పీటీసీలో ఇది తిరగబడుతుంది. మీ బండిలో ఏది ఉందో వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసుకోకుండా వైర్లు వెతకడం మొదలెడితే రోజంతా పోతుంది.

మీ కథకి దగ్గరగా ఉన్న బండి ఒకటి చెప్తాను. ఒక రైస్ మిల్లు యజమానిది. కంపెనీ పేరు వద్దు, కంట్రోల్ యూనిట్ గేర్‌బాక్స్ బయట ఉండే రకం. అచ్చంగా మీరు చెప్పిన లక్షణాలే, కోడ్ పి0712. ఆయనకీ పెద్ద ఎస్టిమేటే ఇచ్చారు. "ఏవయ్యా, ఆయిల్ మారిస్తే పోదా?" అని ఆయన పట్టు. చల్లటి రీడింగ్ సరిగ్గానే ఉంది. స్టార్ట్ చేసి నిలబెట్టినా కదల్లేదు. మా కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు తొక్కి డీ, ఆర్, డీ, ఆర్ అని మార్చమన్నాను. ఆర్‌లో వేసినప్పుడల్లా గ్రాఫ్ ఒక్కసారి ఆకాశానికి లేచి పడుతోంది. రివర్స్ వేసినప్పుడు ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంట్ల మీద అవతలి వైపుకి ఒరుగుతాయి కదా, ఆ కాస్త కదలికకే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందన్నమాట.

ర్యాంప్ ఎక్కించి కింది కవర్ విప్పితే దోసెడు వడ్లు, గోనెసంచి పీచు, పల్లీ పొట్టు రాలాయి. గేర్‌బాక్స్ పైన వెచ్చగా ఉంటుందని ఎలుక కాపురం పెట్టింది. వైరింగ్ మీది గుడ్డ టేపు నమిలేసి, లోపల రెండు వైర్ల తొడుగు వేలెడంత మేర కొరికేసింది. అందులో ఒకటి సెన్సర్ సిగ్నల్. రాగి తీగ ఎర్త్ తగిలినచోట బ్రాకెట్ మీద చిన్న మెరుపు మచ్చ కూడా ఉంది. రెండు వైర్లకి కొత్త బిట్లు వేసి సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ ఎక్కించి, వైరింగ్‌ని బ్రాకెట్‌కి దూరంగా కట్టాం. ఆ పైన డీ, ఆర్ ఎన్నిసార్లు మార్చినా గీత కదల్లేదు. ఆయిల్ మార్చలేదు. అందుకు మిల్లు ఆయన కొంచెం నిరుత్సాహపడ్డాడు కూడా.

అలాంటి బండి అయితే, అంటే కంట్రోల్ యూనిట్ బయట ఉండి గేర్‌బాక్స్ కప్లర్ (వైర్లని గేర్‌బాక్స్‌కి తగిలించే ప్లగ్గు) చేతికి అందేదైతే, ఇంకో తేలిక పరీక్ష ఉంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసి కప్లర్ పీకి, మళ్ళీ ఆన్ చేసి రీడింగ్ చూడండి. ఒక చివరకి పోవాలి. వైరింగ్ వైపున్న సెన్సర్ పిన్నులు రెండూ చిన్న వైరు ముక్కతో కలిపితే రెండో చివరకి పోవాలి. రెండూ జరిగితే వైరింగ్, కంట్రోల్ యూనిట్ బాగున్నట్టే, తప్పు కప్లర్‌కి ఇవతల గేర్‌బాక్స్ లోపల ఉంది. జరగకపోతే లోపల ఏమీ విప్పాల్సిన పని లేదు. పిన్నులు ఏవో డయాగ్రమ్ చూసి మాత్రమే కలపండి, పక్క పిన్నులో సోలినాయిడ్ (ఆయిల్ దారులు తెరిచి మూసే కరెంటు వాల్వు) సప్లై ఉంటుంది. మల్టీమీటర్ లావు ప్రోబ్‌ని ఆడ పిన్నులో గుచ్చొద్దు. పిన్ను వెడల్పై, లేని లూజ్ కాంటాక్ట్ మీరే తెచ్చుకున్నట్టవుతుంది. కప్లర్ పీకినప్పుడు లోపల ఆయిల్ తడి ఉందేమో చూడండి. ఇందాక చెప్పిన 722.6లో కప్లర్ ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) పాడైతే ఆయిల్ వైర్ల లోపల నుంచి పాకుతూ కంట్రోల్ యూనిట్ దాకా పోతుంది. వినడానికి వింతగానే ఉంటుంది గానీ ఆ గేర్‌బాక్స్ పనిచేసే వాళ్ళందరికీ తెలిసిన సంగతే.

ఇక మీ సర్వీస్ సెంటర్ మాట ఎప్పుడు నిజమవుతుందంటే, కంట్రోల్ యూనిట్ గేర్‌బాక్స్ లోపలే ఉన్నప్పుడు. బీఎండబ్ల్యూ ఎక్స్5, రేంజ్ రోవర్ లాంటి వాటిలో వచ్చిన జడ్‌ఎఫ్ కంపెనీ గేర్‌బాక్స్‌లు 6హెచ్‌పీ, 8హెచ్‌పీలు, మెర్సిడెస్ 7 గేర్ల 722.9 ఈ కోవలోవి. వాల్వ్ బాడీ (గేర్లు మార్చే ఆయిల్ దారులున్న దిమ్మ), సోలినాయిడ్లు, కంప్యూటర్, సెన్సర్లు అన్నీ కలిపి ఒకే ముద్దగా ఆయిల్‌లో మునిగి ఉంటాయి. బయట కప్లర్‌లో సెన్సర్ వైరే ఉండదు, సప్లై, కమ్యూనికేషన్ వైర్లే ఉంటాయి. పైన చెప్పిన షార్ట్ పరీక్ష వీటికి పనికిరాదు. వీటిలో ముందు బ్యాటరీ వోల్టేజీ, ఎర్త్ స్ట్రాప్ (బాడీకి ఎర్త్ కలిపే లావు తీగ) చూసుకోండి. బ్యాటరీ నీరసపడితే ఈ యూనిట్లు లేనిపోని కోడ్లన్నీ కక్కుతాయి. అవి బాగుండి, చల్లటి రీడింగ్ ఇంకా అబద్ధమే చెప్తుంటే తప్పు లోపలే ఉంది. అప్పుడు కూడా కొత్తది ఒక్కటే దారి కాదు. బోర్డు రిపేరు చేసేవాళ్ళు ఉన్నారు, ముందు వాళ్ళకి చూపించండి. కొత్తది గానీ సెకండ్ హ్యాండ్‌ది గానీ వేస్తే మీ బండికి కోడింగ్ (యూనిట్‌ని ఆ బండికి నప్పేలా ప్రోగ్రామ్ చేయడం), ఆ తర్వాత అడాప్టేషన్ (గేర్ల మార్పు దానికి నేర్పించడం) చేయించాలి. అది చేతకాని చోట యూనిట్ తీయించకండి. 6హెచ్‌పీ విప్పుతున్నారంటే కప్లర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ స్లీవ్ కొత్తది వేయించండి, దాని ఓ-రింగులు ఎండిపోయి ఆయిల్ కారడం మామూలు. చాలావాటిలో ఛాంబర్ (కింద ఆయిల్ నిలిచే తొట్టి) కూడా ప్లాస్టిక్‌దే, ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి రెండూ కలిపే వస్తాయి.

అబద్ధం చెప్పే సెన్సర్‌తో అసలు నష్టం ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ గేర్‌బాక్స్‌లలో చాలావాటికి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ ఫలానా టెంపరేచర్‌లో ఉన్నప్పుడు లెవెల్ ప్లగ్ విప్పి లెవెల్ పట్టాలి. 6హెచ్‌పీకి అది 30 నుంచి 50 డిగ్రీల మధ్య. స్కానర్ 40 అంటుంటే ఆయిల్ నిజంగా 80లో ఉంటే? వేడికి ఉబ్బిన ఆయిల్ ప్లగ్‌లోంచి కారిపోతుంది, లెవెల్ తక్కువలో మూసేస్తారు. అందుకని నేను లెవెల్ పట్టేటప్పుడు ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో (తాకకుండా వేడి కొలిచేది) కూడా చూస్తాను. అల్యూమినియం ఛాంబర్ ఉన్న బండిలో దాని మీద గన్ నేరుగా పెడితే మెరుపుకి రీడింగ్ తక్కువ వస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, అది వేడెక్కాక దాని మీద గురి పెట్టండి.

నిజంగానే వేడెక్కుతున్న బండికి కథ వేరు. ఒకాయన సెన్సర్ మార్పించుకుని కూడా తిరుమల ఘాట్‌లో మళ్ళీ మెసేజ్ వచ్చిందని తెచ్చాడు. గ్రాఫ్ సాఫీగా ఎక్కుతోంది, గెంతు లేదు. బంపర్ విప్పితే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య బురద, పురుగులు, ఊక కలిసి చాప కట్టేశాయి. నీళ్ళతో నెమ్మదిగా కడిగితే ఆ బండి మామూలైంది. గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ లోపల చిల్లు పడి కూలెంట్ ఆయిల్‌లో కలిస్తే మాత్రం ఆయిల్ రోజ్ మిల్క్‌లా అవుతుంది, అప్పుడు ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు.

ఈలోగా మెసేజ్ వస్తే బండి పక్కకి తీసి పీలో పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో వదిలేయండి. వెంటనే ఆపేస్తే పంపు ఆగి కూలర్‌లోకి ఆయిల్ తిరగదు. లాగించాల్సి వస్తే ఫ్లాట్‌బెడ్ మీదే, నాలుగు చక్రాలూ పైన ఉండాలి.

కోడ్ నంబరు, తెల్లవారుజామున ఆ మూడు అంకెలు, డీ-ఆర్ మార్చినప్పటి గ్రాఫ్ ఫోటో పెట్టండి. బండి మోడల్, ఏ సంవత్సరందో కూడా రాస్తే కంట్రోల్ యూనిట్ లోపలా బయటా అన్నది చెప్పగలను. గేర్‌బాక్స్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో, మార్చాక లెవెల్ ఎలా పట్టారో కూడా రాయండి.