ఈ వయసులో ఆయన బుద్ధి ఎందుకిలా మారింది?

ప్రశ్న: మావారు రిటైరైన లెక్కల మాస్టారు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్ ఉంది. పేకముక్క ముట్టని మనిషి, ఆటో అతనితో పది రూపాయల దగ్గర బేరమాడే మనిషి. నిరుడు ప్రమిపెక్సోల్ మాత్ర డోసు పెంచారు. కొన్ని నెలలకే ఫోన్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్, అంటే షేర్ల ధరల మీద పందెం లాంటిది, మొదలుపెట్టారు. అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు సగానికి పైగా పోయింది. అడిగితే అబద్ధాలు. రాత్రిళ్లు పాత రేడియో, మిక్సీ విప్పి స్క్రూలన్నీ సైజుల వారీగా పేరుస్తూ కూర్చుంటారు. ఒకరోజు ఆయనే, "ఇందులో నాకు సంతోషమేమీ లేదు, చెయ్యి ఆగడం లేదు" అన్నారు. మా మరిది "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు, ఇన్నాళ్లూ దాచుకున్నాడు" అంటున్నాడు. ఆ మాత్రలు ఆపేద్దామా? నాకు నిద్ర ఉండటం లేదు.

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఈ మాట. మీ అంతట మీరు మాత్రలు ఆపకండి. ఈ రకం మందు ఉన్నట్టుండి మానేస్తే ఒళ్లు బిగుసుకుపోవడమే కాదు, విపరీతమైన ఆందోళన, చెమటలు, దిగులు కమ్ముకోవచ్చు. డోసు కొద్దికొద్దిగా తగ్గించాలి. అదీ డాక్టరు చేతుల మీదుగానే.

మీ మరిది మాటను నేను ఒప్పుకోను. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశిస్తాయి. చేతుల వణుకు, నడక మందగించడం అందువల్లే. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు డోపమైన్ చేయాల్సిన పనిని దాని బదులు చేస్తాయి. అయితే అవి కదలికల భాగం దగ్గరే ఆగవు. 'ఇది కావాలి, మళ్లీ కావాలి' అని మనిషిని ముందుకు తోసే భాగం మీద కూడా బలంగా పనిచేస్తాయి. డోపమైన్ అంటే ఆనందం అని చాలామంది అనుకుంటారు గానీ, అది కోరికకు, ఎదురుచూపుకు సంబంధించింది. మాస్టారు మీతో అన్న ఆ ఒక్క మాటలో ఈ తేడా అంతా ఉంది. సంతోషం లేదు, కోరిక మాత్రం ఆగడం లేదు.

మరి ఇంత పోగొట్టుకున్నా లెక్కల మాస్టారికి లెక్క ఎందుకు అందడం లేదు? 2004లో మైకేల్ ఫ్రాంక్ అనే శాస్త్రవేత్త బృందం పార్కిన్సన్స్ రోగులను పరీక్షించింది. మందు వేసుకోని వేళ వాళ్లు తప్పుల నుంచి బాగా నేర్చుకున్నారు. మందు మీద ఉన్నప్పుడు గెలుపు నుంచే ఎక్కువ నేర్చుకున్నారు. మామూలుగా నష్టం రాగానే మెదడులో డోపమైన్ తగ్గి 'ఇక వద్దు' అని హెచ్చరిస్తుంది. మందు ఆ తగ్గుదలను కప్పేస్తుంది. ఆయనకు దెబ్బ తగులుతోంది, పాఠం మాత్రం ఎక్కడం లేదు.

ఇది అరుదైన విషయమూ కాదు. 2010లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 3,090 మంది రోగులను చూస్తే, ఈ రకం మందు వాడేవాళ్లలో 17 శాతం మందికి జూదం, అదుపులేని కొనుగోళ్లు, అతిగా తినడం, మితిమీరిన లైంగిక కోరిక లాంటి వాటిలో ఏదో ఒకటి కనిపించింది. ఆ చివరిది మీ ఇంట్లోనూ ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. సామాన్లు విప్పి పేర్చడం కూడా ఈ మందుల వల్ల వచ్చేదే.

ఇది మందు ప్రభావమేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. తేల్చాల్సింది మాత్రం న్యూరాలజిస్టే. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఈ వారమే వెళ్లండి. ఏ నెలలో డోసు పెరిగింది, ట్రేడింగ్ ఎప్పుడు మొదలైంది, రాత్రి ఎన్నింటిదాకా మేలుకుంటున్నారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పక్కన ఆయన ఉంటే నోటితో చెప్పలేని మాటలు ఆ కాగితం చెబుతుంది. డోసు తగ్గించాలా, మందే మార్చాలా అన్నది డాక్టరు చూసుకుంటారు. చాలామందిలో డోసు తగ్గాక ఈ ధోరణి సద్దుమణుగుతుంది. కొందరికి నెలలు పడుతుంది.

ఈలోపు డబ్బు జాగ్రత్త. మందు ప్రభావం అన్నంత మాత్రాన పాస్‌వర్డులు ఆయన దగ్గరే ఉంచమని కాదు. మిగిలిన డిపాజిట్లు ఆయన ఒప్పుకోలుతో మీ ఖాతాలోకి మార్చండి, ట్రేడింగ్ ఖాతా మూయించండి, ఫోన్‌లో యూపీఐ పరిమితి తగ్గించండి. ఈ మాట ఆయన రాత్రి ఫోన్ పట్టుకుని ఉన్నప్పుడు ఎత్తకండి. ఒళ్లు తేలిగ్గా ఉన్న వేళ చూసి, "ఇది మీ తప్పని నేననుకోవడం లేదు. మందు సర్దుబాటయ్యేదాకా డబ్బు వ్యవహారం నాకు అప్పగించండి" అనండి. అబద్ధాలు చెప్పే మనిషి లోపల సిగ్గుతో కుమిలిపోతూ ఉంటాడమ్మా. నిలదీస్తే ఇంకా దాస్తారు.

మీకు నిద్ర ఉండటం లేదన్నారు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు. అమ్మాయికి మాత్రం విషయమంతా మీరే చెప్పండి. మీ మరిది చెప్పే కథ ఆ పిల్ల చెవిన పడకముందే, వీలైతే ఇవాళే.