జడ్జి గారికి ఎదుటి లాయరు తెలిసినవాడైతే కేసు మార్చమని అడగొచ్చా?

ప్రతివాది లాయరూ జడ్జి గారూ లా కాలేజీలో కలిసి చదువుకున్నారని తెలిసింది, మీ ఇంజంక్షన్ పిటిషన్ (అవతలివాళ్లను ఆపమని కోర్టును అడిగేది) కూడా కొట్టేశారు, కాబట్టి ఆయన మీ దావా వినకుండా తప్పుకోమని అడగొచ్చా అన్నది మీ ప్రశ్న. చాలా ఏళ్లు కింది కోర్టుల్లో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ని. నాకు తెలిసినంతలో, ఈ రెండు కారణాలతోనే అయితే కుదరదు.

ఒకే కాలేజీలో చదవడం మన జిల్లాల్లో మామూలే. దాన్ని పట్టుకుంటే చాలా ఊళ్లలో కేసు వినడానికి జడ్జే దొరకరు. ఇంజంక్షన్ కొట్టేయడం తప్పనిపిస్తే పై కోర్టులో సీఎంఏ (సివిల్ మిసలేనియస్ అప్పీలు) వేసుకోండి. ఆర్డరు వ్యతిరేకంగా వచ్చిందని జడ్జినే మార్చమంటే, నచ్చిన జడ్జి కోసం వెతుకుతున్నారనే అనుకుంటారు.

నిజంగా తప్పుకోవాల్సిన సందర్భం వేరేగా ఉంటుంది. నేను పనిచేసిన ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకి బదిలీ మీద కొత్త జడ్జి గారు వచ్చారు. పాత దావా ఒకటి పిలిస్తే, వాది పేరు వినగానే కేసు కట్ట తెప్పించుకుని ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, అడ్రసు చూశారు. వాది ఎవరో కాదు, ఆయన అద్దెకు దిగిన ఇంటి ఓనరు. ఇద్దరు లాయర్లనీ ముందుకు పిలిచి ఆ సంగతి అందరి ముందే చెప్పారు. ప్రతివాది లాయరు "మాకేం అభ్యంతరం లేదు సార్" అన్నారు. "కేసు ఓడిపోతే మీ క్లయింటు కూడా ఇదే మాట అంటారా?" అని అడిగి, కారణం డాకెట్‌లో (కేసు రికార్డులో) రాయించి, ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి గారికి లెటరు పెట్టారు. కేసును తనంతట తాను ఇంకో కోర్టుకు పంపే అధికారం కింది జడ్జికి ఉండదు. ఆ ఊళ్లో ఉన్నది ఒక్కటే కోర్టు కావడంతో దావా పక్క ఊరికి పోయింది. వాయిదా ఉన్నప్పుడల్లా రెండు పార్టీలూ బస్సెక్కాల్సి వచ్చింది. అది చిన్న ఇబ్బందేం కాదు. అయినా ఆయన చేసింది సరైన పనేనని ఇప్పటికీ అనుకుంటాను.

1987లో రంజిత్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. జడ్జి తన మనసులో పక్షపాతం ఉందా లేదా అని చూసుకుంటే చాలదు. ఎదురుగా నిలబడ్డ పార్టీకి అనుమానం కలగడానికి సబబైన కారణం ఉందా అని చూడాలి. అంతకు చాలా ముందు, 1958లోనే, కృష్ణా జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ మీద గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు వచ్చింది. రవాణా శాఖ చూసే సెక్రటరీయే ప్రైవేటు బస్సు ఓనర్ల అభ్యంతరాలు వినడం చెల్లదని అందులో తీర్పు రాసింది అప్పటి సుప్రీంకోర్టు జడ్జి, మన కోకా సుబ్బారావు గారే.

2021లో కృష్ణా నీళ్ల మీద ఆంధ్రప్రదేశ్ వేసిన పిటిషన్ చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ గారి ముందుకు వచ్చింది. తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్నని, మధ్యవర్తిత్వంతో తేల్చుకుంటే సరే కానీ తీర్పు కావాలంటే తాను విననని ఆయన చెప్పారు. ఆంధ్రప్రదేశ్ తీర్పే కోరడంతో కేసు వేరే బెంచికి వెళ్లింది. సొంత రాష్ట్రం అన్న కారణం ఒక్కటే తప్పుకోవడానికి చాలుతుందా అంటే, నాకు సందేహమే. కానీ కారణం బయటికి చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. "నాట్ బిఫోర్ మీ" (నా ముందు వద్దు) అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటే జనం ఏదేదో ఊహించుకుంటారు. తప్పుకునే జడ్జి కారణం చెప్పాలని 2015లో ఎన్‌జేఏసీ (జడ్జీల నియామకాల కమిషన్) కేసులో జస్టిస్ కురియన్ జోసెఫ్ కూడా రాశారు.

కాబట్టి మీరు ముందు కనుక్కోవాల్సింది వేరే. జడ్జి గారికి ప్రతివాదితో గానీ ఆ లాయరుతో గానీ చుట్టరికం ఉందా? డబ్బు లావాదేవీలు ఉన్నాయా? లాయరుగా ఉన్నప్పుడు ఇదే ఆస్తి గొడవలో ఎవరి తరఫునైనా హాజరయ్యారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకండి. తెలిసీ ఊరుకుని, ఓడిపోయాక అభ్యంతరం చెబితే చెల్లదని 1957లో మాణక్ లాల్ కేసులోనే తేల్చేశారు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 24వ సెక్షన్ కింద జిల్లా కోర్టులో గానీ హైకోర్టులో గానీ ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. అఫిడవిట్‌లో మీకు తెలిసిన నిజాలే రాయండి, విన్న పుకార్లు వద్దు. పిటిషన్ వేసినంత మాత్రాన కేసు ఆగదు. స్టే వచ్చేదాకా ఇక్కడి వాయిదాలకు తప్పకుండా వెళ్లండి, లేదంటే వాది రాలేదని దావా కొట్టేస్తారు.