పోలెండ్ లారీ డ్రైవర్ ఉద్యోగం: డబ్బు కట్టే ముందు

తమ్ముడూ, మీ బావకు పోలెండ్‌లో ట్రైలర్ డ్రైవర్ ఉద్యోగమని ఆటోనగర్ ఏజెంటు 3 లక్షలు అడ్వాన్స్ అడిగాడన్నావు. ఇప్పుడే కట్టొద్దు. అక్కడ డ్రైవర్ల కొరత నిజమే, బయటి దేశాలవాళ్లను తీసుకుంటున్నారు కూడా. కానీ మన హెవీ లైసెన్స్ ఒక్కటే సరిపోదు. సి ప్లస్ ఇ కేటగిరీ (లారీకి పెద్ద ట్రైలర్ తగిలించి నడిపే లైసెన్స్) ఉండాలి, దానిమీద కోడ్ 95 (వృత్తి డ్రైవర్‌గా అర్హత ఉందన్న గుర్తు) ఉండాలి. ఆ కోడ్ రావాలంటే కనీసం 140 గంటల శిక్షణ, పైన పరీక్ష. అది ఎవరు చేయిస్తారు, ఖర్చు ఎవరిది, శిక్షణ రోజుల్లో జీతం ఇస్తారా అన్నది కాంట్రాక్టులో రాయించుకోవాలి.

ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైట్‌లో (విదేశీ ఉద్యోగాల ఏజెంట్ల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ సైట్) ఉందేమో చూడు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ వర్క్ వీసాకు మార్చుకోవచ్చంటే మాత్రం బావను అసలు కదలనివ్వకు.