సెయింట్ పీటర్స్ బసిలికాకు ఎప్పుడు వెళ్తే మంచిది? గోపురం ఎక్కడం కష్టమా?

వాటికన్‌లోని ఈ చర్చిలోకి ప్రవేశం ఉచితమే. క్యూ అంతా భద్రతా తనిఖీ దగ్గరే. ఉదయం 7 గంటలకల్లా తలుపులు తీస్తారు, అప్పుడే వెళ్తే సగం తిప్పలు తప్పినట్టే. బుధవారం ఉదయం మాత్రం వద్దు: బయటి ఆవరణలో పోప్ సభ ఉంటే మధ్యాహ్నం దాకా లోపలికి పంపరు. భుజాలు, మోకాళ్లు కప్పని బట్టలేసుకుంటే ఎంత ఎండాకాలమైనా గుమ్మంలోనే ఆపేస్తారు.

గోపురానికి టికెట్ వేరు. మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ పైకప్పు వరకే, ఆ తర్వాత 320 మెట్లు ఎక్కాల్సిందే. చివర్లో గోడ గోపురం వంపుతో పాటే ఒరిగిపోతుంది, దారి బాగా ఇరుకు, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. మోకాళ్ల నొప్పులున్నా, ఇరుకంటే భయమున్నా మానుకోవడమే మేలు.

చర్చి లోపలికెళ్లగానే కుడివైపు చూడండి. అద్దం వెనక మికెలాంజెలో చెక్కిన ‘పియెటా’ (చనిపోయిన యేసును ఒడిలో పెట్టుకున్న మరియ తల్లి శిల్పం) ఉంటుంది.