డయాలసిస్‌కు బాట వేసినవారిలో నా ఓటు సిమినోకే

కిడ్నీ వైద్యానికి బాట వేసిన డాక్టర్లలో ముందు ఎవరిని చెప్పుకోవాలని అడిగారు. ఎవరిని అడిగినా కోల్ఫ్ పేరే చెబుతారు, అందులో తప్పేమీ లేదు. కానీ మా నాన్నను డయాలసిస్‌కు, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేయించడానికి, ఐదేళ్లపాటు వారానికి మూడుసార్లు కల్వకుర్తి నుంచి జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ తీసుకెళ్లినవాణ్ని. నా లెక్క కొంచెం వేరు. నేను ముందు జేమ్స్ సిమినో పేరు చెబుతాను.

విలెం కోల్ఫ్ నెదర్లాండ్స్ డాక్టర్. 1938లో 22 ఏళ్ల కుర్రాడు కిడ్నీలు పాడై ఆయన కళ్ల ముందే పోయాడు. రక్తంలోని యూరియాను రోజూ కొంత తీసేయగలిగితే బతికేవాడు కదా అన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు. ఇంతలో దేశం నాజీల చేతికి పోయింది. 1943లో కాంపెన్ అనే చిన్న ఊరి ఆసుపత్రిలో, మాంసం కూరడానికి వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిప్పాడు. గొట్టం లోపల రక్తం, బయట ఉప్పునీళ్లు. మలినాలు సన్నటి పొర దాటి నీళ్లలోకి దిగుతాయి. ఇప్పటి మిషన్‌లో జరిగేదీ అదే. మొదటి 16 మందిలో ఆ యంత్రం వల్లే బతికారని గట్టిగా చెప్పదగినవారు ఒక్కరూ లేరు. 1945లో 17వ రోగి కోమాలోంచి లేచింది. ఆవిడ 67 ఏళ్ల ఖైదీ, నాజీలతో చేతులు కలిపిందని జైల్లో పెట్టిన మనిషి!

నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నాలుగు గంటల సిట్టింగ్‌లో నిమిషానికి అర లీటరు చొప్పున సుమారు 120 లీటర్ల ద్రవం మిషన్‌లోంచి పోతుంది. పాలమూరు రైతుకు నీటి లెక్క ఒకరు చెప్పాలా? డాక్టరు నాన్నకు రోజుకు లీటరు లోపే తాగమన్నారు. "నాకు గుక్కెడు, దీనికి 120 లీటర్లా" అని మిషన్‌ను కోపంగా చూసేవారు.

అసలు విషయానికి వస్తాను. కోల్ఫ్ యంత్రం పనికొచ్చింది కొన్నాళ్లు మొరాయించి మళ్లీ కోలుకునే కిడ్నీలకే. నాన్నకు షుగరు వల్ల శాశ్వతంగా పోయాయి. అలాంటివారికి ప్రతిసారీ రక్తనాళాన్ని కోసి గొట్టం పెట్టాలంటే, కోయడానికి చోటెక్కడ మిగులుతుంది? 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టర్ దీనికి ఒక దారి చూపాడు. ముంజేతి ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాన్ గొట్టాలు పెట్టి, చర్మం బయట రెండింటినీ కలిపి వదిలేశాడు. మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ 11 ఏళ్లు బతికాడు. అయితే ఆ గొట్టాల్లో రక్తం గడ్డకట్టేది, చీము పట్టేది. పైగా మిషన్లు తక్కువ కావడంతో ఎవరికి చేయాలో తేల్చడానికి అక్కడ ఒక కమిటీ వేశారు. (2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో మా మహబూబ్‌నగర్ ఒకటి. నాన్నకు డయాలసిస్ ఆ కార్డు మీదే జరిగింది. ఆ కమిటీ ముందు నిలబడితే మా నాన్న వంతు వచ్చేదా అని చాలాసార్లు అనుకున్నాను.)

జేమ్స్ సిమినో చదువుకునే రోజుల్లో ఆసుపత్రిలో రక్తం తీసే పని చేశాడు. ఏ నరంలో సూది దిగుతుందో వేళ్లకు తెలిసినవాడు. న్యూయార్క్‌లో తోటి డాక్టర్ బ్రెషియాతో కలిసి ఆలోచించాడు: బయటి గొట్టం ఎందుకు, మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టేస్తే పోలా? కుట్టిన సర్జన్ అపెల్. ధమని ఒత్తిడికి సిర కొన్ని వారాల్లో లావెక్కి, మళ్లీ మళ్లీ సూదులు గుచ్చినా తట్టుకుంటుంది. ఇలా కలిపి కుట్టినదాన్నే ఫిస్టులా అంటారు. 1966లో వీళ్లు ప్రచురించిన ఆ ఫిస్టులానే ఇప్పటికీ డాక్టర్లు ముందు వేయించుకోమంటారు.

దాని విలువ మాకు ఆలస్యంగా తెలిసింది. మొదటి మూడు నెలలు నాన్నకు మెడలో పెట్టిన పైపుతోనే డయాలసిస్. రెండుసార్లు మిషన్ మీదే చలిజ్వరం వచ్చి మంచం అదిరిపోయింది. ఫిస్టులా వేసిన మరునాడు నా చెయ్యి లాక్కుని తన మణికట్టు మీద పెట్టుకున్నారు. చర్మం కింద సన్నని అదురు. చెవి ఆనిస్తే దూరంగా బోరు నడుస్తున్నట్టు శబ్దం. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే మణికట్టు చెవి దగ్గర పెట్టుకుని "మోటారు నడుస్తోందిరా" అనేవారు.

మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీలు దెబ్బతింటున్నాయని తెలిస్తే, పనికి ఎక్కువగా వాడని చేతి నరాలను ఇప్పటి నుంచే కాపాడండి. రక్తం తీయడం, సెలైన్ పెట్టడం రెండో చేతికే. ఫిస్టులా వేశాక ఆ చేతికి బీపీ పట్టీ కూడా కట్టనివ్వకండి. ఒక క్లినిక్‌లో కట్టబోతే నాన్న చెయ్యి విదిలించుకుని లేచి వచ్చేశారు.

నాలుగో ఏడు ఒక తెల్లవారుజామున నన్ను లేపి "మోటారు ఆగిందిరా" అన్నారు. గడ్డకట్టింది. అదే రోజు హైదరాబాద్ పరుగెత్తాం. అది దక్కలేదు. కొత్తది మోచేతి పైన వేశారు, అక్కడ రక్తం జోరు ఎక్కువ. కట్టు విప్పిన రోజు చెవి ఆనించి చాలాసేపు విన్నారు.

"ఇది ఐదు హెచ్‌పీరా" అన్నారు.