స్నాతకోత్సవానికి వెళ్లాలా, పట్టా పోస్టులో తెప్పించుకోవాలా?

ప్రశ్న: అక్కా, నేను పీజీ పూర్తిచేశాను. వచ్చే నెలలో మా యూనివర్సిటీ కాన్వొకేషన్. ఉద్యోగంలో కొత్తగా చేరాను, ఇప్పుడే సెలవు అడగాలంటే టెన్షన్‌గా ఉంది. గౌను అద్దె, ప్రయాణం, గంటలకొద్దీ కూర్చోవడం, ఇంతా చేసి ఒక్క కాగితం కోసమే కదా! వెళ్లకపోయినా పట్టా పోస్టులో పంపిస్తారట. అమ్మ మాత్రం వెళ్దామనే అంటోంది. మెడల్ వచ్చినవాళ్లకు సరే, మాలాంటివాళ్లకు అక్కడ ఏముంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: చెల్లీ, కాగితం కోసమైతే నువ్వు వెళ్లక్కర్లేదు. హాజరు కానివాళ్లకు వచ్చేదీ అదే పట్టా, విలువలో తేడా ఉండదు. పైగా చాలాచోట్ల వేదిక మీద చేతికిచ్చేది ఖాళీ ఫోల్డరే. అసలు సర్టిఫికెట్ కౌంటర్ దగ్గర సంతకం పెట్టి తీసుకోవాలి. రెండేళ్ల కిందట నేను పీజీ పట్టా అందుకున్నప్పుడూ అంతే. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది పూర్తయ్యాక మళ్లీ ఆ హాల్లో కూర్చోవాలని నాకు ఇప్పటినుంచే కోరిక.

ఎందుకంటే అక్కడ నీ పేరు పిలుస్తారు. ఇన్నేళ్లూ హాల్ టికెట్ నంబరుగా ఉన్న మనిషిని అంతమంది ముందు పేరుపెట్టి పిలిచి, ఈ అమ్మాయి చదువు పూర్తిచేసిందని ప్రకటిస్తారు. ఆరోజు ముఖ్య అతిథి ఏం మాట్లాడారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. నా పేరు వినగానే బాల్కనీలో అమ్మ లేచి నిలబడటం మాత్రం గుర్తుంది. అంత దూరానికి ముఖం ఆనలేదు, చీర రంగును బట్టి పోల్చుకున్నాను. చూడు, మన చదువు కోసం అమ్మానాన్నలు ఎంత కష్టపడినా పరీక్ష హాల్లోకి వాళ్లను రానివ్వరు, వైవాకి రానివ్వరు. యూనివర్సిటీ వాళ్లను పిలిచి కూర్చోబెట్టేది ఆ ఒక్కరోజే. మీ అమ్మగారు అడుగుతున్నది దాని గురించే అనుకుంటాను.

ఈ వేడుక విలువ తెలియాలంటే అది దక్కనివాళ్ల సంగతి చూడాలి. కేంబ్రిడ్జిలో 1881 నుంచి ఆడపిల్లలకు పరీక్షలు రాసే హక్కు ఉంది. రాశారు, పాసయ్యారు, కానీ మగపిల్లలతో సమానంగా పూర్తి డిగ్రీలు 1948 దాకా ఇవ్వలేదు. ఆక్స్‌ఫర్డ్ 1920లో ఇచ్చింది. ఈ మధ్యలో, 1904 నుంచి 1907 వరకు, ఐర్లండ్‌లో, డబ్లిన్ నగరంలోని ట్రినిటీ కాలేజీ ఒక దారి తెరిచింది: ఈ రెండుచోట్లా చదివి పరీక్షలు పాసైన మహిళలు వస్తే మేము డిగ్రీ ఇస్తామంది. వందలమంది స్టీమర్లెక్కి సముద్రం దాటి వెళ్లారు. ‘స్టీమ్‌బోట్ లేడీస్’ అనే పేరు వాళ్లకు అలా వచ్చిందే. చదువు అప్పటికే వాళ్ల దగ్గరుంది, డబ్లిన్ కొత్తగా నేర్పిందేమీ లేదు. అయినా వెళ్లారు. నువ్వేమో బస్సెక్కాలా వద్దా అని ఆలోచిస్తున్నావు! అన్నట్టు, మన కలకత్తా విశ్వవిద్యాలయం 1883లోనే చంద్రముఖీ బసు, కాదంబినీ గంగూలీలకు బి.ఏ. పట్టాలిచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

ఇక మెడల్ మాట. ఇక్కడ నీ బాధ న్యాయమైనదే. కొన్నిచోట్ల మెడల్స్ వచ్చినవాళ్లనే వేదిక మీదికి పిలిచి, మిగతావాళ్లను ‘ఫలానా విభాగంవాళ్లు లేచి నిలబడండి’ అని ఒక్కమాటతో సరిపెడతారు. ఇది నాకు అస్సలు నచ్చదు. వేలమంది ఉంటారు, టైం చాలదు అంటారు. విభాగాలవారీగా వేరువేరు రోజుల్లో పెట్టుకోవచ్చు కదా? కేంబ్రిడ్జిలో ఏడాదికి చాలాసార్లు జరుపుతారు. నలుగురేసి విద్యార్థులు తమ కాలేజీ ప్రతినిధి కుడిచేతి వేళ్లు తలా ఒకటి పట్టుకుని ముందుకొస్తారు, తర్వాత ఒక్కొక్కరినీ పేరుతో పిలుస్తారు. మెడల్ ఉన్నా లేకపోయినా అందరికీ అదే పద్ధతి. కాబట్టి అందరి పేర్లూ పిలుస్తారో లేదో ముందు మీ యూనివర్సిటీ ఆఫీసులో కనుక్కో. పేర్లు పిలవని పద్ధతైతే, మీ విభాగంలోనే మాస్టార్ల చేతులమీదుగా చిన్న కార్యక్రమం పెట్టమని నలుగురూ కలిసి అడగండి. అడిగితే కాదనే మాస్టార్లు తక్కువ.

పిలుస్తారంటే మాత్రం తప్పక వెళ్లు. పేర్లు చదివేవారికి నీ పేరు ఎలా పలకాలో చీటీ మీద రాసివ్వు. నా ముందు అమ్మాయి పేరు తప్పు చదివితే పాపం ఆమె మెట్ల మీద ఆగిపోయి, తననేనా అని వెనక్కి చూసింది. గౌను మీద వేసే హుడ్ వెనక్కి జారి గొంతు నొక్కేస్తుంటుంది. దానికుండే చిన్న లూప్‌ను లోపలి డ్రెస్ గుండీకి తగిలించు, గుండీ లేకపోతే పిన్నీసు పెట్టుకో. ఎడమచేత్తో ఫోల్డర్ అందుకుని కుడిచేతిని షేక్‌హ్యాండ్‌కు ఖాళీగా ఉంచుకో. వేదిక ఏ పక్కనుంచి ఎక్కుతావో అమ్మకు ముందే చెప్పు, ఫొటో తీసేవాళ్లకు అది తెలియాలి. సెలవు సంగతి ఈ వారమే మీ మేనేజర్‌తో మాట్లాడు, కారణం ఇదని చెప్పు. అమ్మ పాస్ కోసం కూడా ఇప్పుడే దరఖాస్తు పెట్టు. ఆఖరి తేదీ దాటితే నీకు సీటుంటుంది గానీ ఆమెకు ఉండకపోవచ్చు.